వైద్యుడు లేని యూరు

సుమతీ శతకమున మనుష్యుడు నివసింపదగిన యూరికి నాలుగు లక్షణములు చెప్పబడినవి. ఋణమిచ్చువాడు, వైద్యుడు, ఎండని యేరు, బ్రాహ్మణుడు - ఈ నాలుగును గల యూర నుండవలెననియు, లేని యూరు చొరరాదనియు ఆ పద్యభావము. దీనిని వల్లింపక బడి విడిచిన తెలుగువాడు అరుదు. లోకజ్ఞతకు నిదర్శనముగా దీనిని మెచ్చినవారు పెక్కుమంది. మేమిచ్చట అడుగగోరిన ప్రశ్న వేరు. ఈ యుపదేశమునకు శ్రోత యెవడు?

ఊరిని ఎంచుకొనగలవాడే శ్రోత యని పద్యమును బట్టియే తెలియుచున్నది. చొరవచ్చునా, చొరరాదా యను విచారణ ఊరి పొలిమేర వెలుపల నిలిచిన బాటసారికి తగును. ఆ యూరనే పుట్టి, ఆ యూరి నీటనే వల వేసి బ్రతుకువానికి తగదు. కృష్ణ సముద్రమున కలియు ప్రాంతమునకు చేరువను, నిజాంపట్నము చెంత, అడవులదీవి యను గ్రామము కలదు. దాని నైసర్గికస్థితిని పేరే చెప్పుచున్నది. 2022 ఏప్రిల్ 4 వరకు అది గుంటూరు జిల్లాలోనిది. ఆనాటినుండి బాపట్ల జిల్లాలోనిది. ఆ తీరమంతయు మడ అడవులు, ఉప్పుటేరులు, రొయ్యల చెరువులు. చేపలవేట, పీతలవేట జీవనముగా గల మత్స్యకారులును యానాదులును అచ్చట నివసింతురు. వేట యున్నచోటనే వారి యిల్లు. శతకకారుడు చెప్పిన నాలుగింటిలో ఋణదాత కొరత మాత్రము ఇట్టి తీరగ్రామములకు ఎన్నడును కలుగలేదు. పడవకును వలకును అప్పు పెట్టి, పట్టిన చేపను తానే కొనుక్కొను వర్తకుడు ఆ జీవనములో ఒక భాగము. ఏరును కలదు; సముద్రము పోటెత్తినపుడు ఆ నీరు నోట పెట్టరాదు. పెద్ద వైద్యము కావలసినచో రేపల్లెకు, అచ్చటినుండి తెనాలికి, కడకు గుంటూరునకు పోవలెను. తెనాలి-రేపల్లె రైలుమార్గము 1916లో వచ్చినది. 2005 ఆగస్టు 15న 108 వాహనములు ప్రారంభమైనవి. దారి మునుపటికన్న దగ్గరయైనది. వైద్యుని యొద్దకు చేరుట యనునది దారి యొక్కదానితో తీరునది కాదని మా యభిప్రాయము.

వైద్యమును గూర్చిన మన వాఙ్మయము ఈ చేరుటను ఎట్లు భావించినది? దీనికి రెండు పాఠములను ఎదురెదురుగా నుంచి చూతము. వానికి నడుమ ఏడువందల యేండ్లకు పైబడిన యెడము కలదు. ఒకటి రాజశాసనము, వేరొకటి అనువాదగ్రంథము. రెంటికిని పొత్తు కుదురునా యని శంక వలదు. వైద్యుడు లేని యూరికి ఏమి చేయవలెనను ప్రశ్నకు రెండును సమాధానములే.

మొదటిది మల్కాపుర శాసనము. కృష్ణ దక్షిణతటమున, మందడమునకు సమీపమున, శా. శ. 1183, అనగా క్రీ. శ. 1261లో వెలసినది, ప్రధానముగా సంస్కృత పద్యమయము. గణపతిదేవుడు తన గురువగు విశ్వేశ్వర శివాచార్యునకు మందడ గ్రామమును వాగ్దానము చేయగా, రుద్రమదేవి దానిని వెలగపూడితో గూడ ధారవోసెను. గౌడదేశమునుండి వచ్చిన ఆ గోళకీ మఠాచార్యుడు విశ్వేశ్వర గోళకి యను అగ్రహారమును నిలిపి, ఆదాయమును మూడు భాగములు చేసెను. ఒకటి దేవునకు, ఒకటి విద్యార్థులకును శైవమఠమునకును, మూడవది ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విప్రసత్రములకు. మూడు వేదములకు ముగ్గురు, సాహిత్యాగమాదులకు ఐదుగురు ఉపాధ్యాయులు; వారితోపాటు ఒక వైద్యుడు, ఒక కాయస్థుడు. వీరికి వృత్తి భూమి రూపమున నిర్ణీతము. వైద్యుడు రాజు దయతలచినపుడు వచ్చి పోవువాడు కాడు, ఊరి యాదాయముతో బ్రతుకు ఊరివాడు. శతకము కోరిన యూరిని ఈ శాసనము నిర్మించినదని చెప్పవచ్చును. ప్రసూతిశాల ఆరోగ్యశాలనుండి వేరుగా చెప్పబడుటను మేము ప్రత్యేకముగా గమనించితిమి. ప్రసవము రోగము కాదను వివేకము ఆ పదవిభజనమునందే కలదు.

చరిత్రకారులు ఈ శాసనమును కాకతీయుల ప్రజాహితదృష్టికి తార్కాణముగా చూపుదురు. అది సమంజసమే. సాహిత్యపాఠముగా దీనిని చదువునపుడు మాత్రము వేరొక విషయము కానవచ్చును. దానక్రియలో దాత కర్త, ద్రవ్యము కర్మ, పుచ్చుకొనువాడు సంప్రదానము. ఇచ్చట రాణి కర్త, గ్రామము కర్మ, ఆచార్యుడు సంప్రదానము. మరి రోగి? రోగి సంప్రదానముగానైనను లేడు. ఆరోగ్యశాల కొఱకు భూమి, రోగి కొఱకు ఆరోగ్యశాల - ఈ రెండవ ‘కొఱకు’ను చదువరియే పూరించుకొనవలెను. వంశవర్ణనకును గురుపరంపరకును దొరికిన పద్యములలో ఒక్క పాదమైనను జ్వరపీడితునకు దొరకలేదు. అన్నసత్రమున మాత్రము బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎల్లరకును ఎడతెగక అన్నము పెట్టవలెనని విధింపబడినది. పదమూడవ శతాబ్దమున ఇది చిన్న మాట కాదు. అయితే ఈ మాట అన్నమునకు చెప్పబడినది. ఆరోగ్యశాలకును దానిని వర్తింపజేయుట చదువరి సౌజన్యమే గాని పాఠబలము కాదు. ఆకలిగొన్నవానికి ద్వారము తెరచినంత స్పష్టముగా వ్యాధిగ్రస్తునకు తెరచినదా యను సందేహము మాకు మిగిలియే యున్నది.

ఇక రెండవ పాఠము. డేవిడ్ వెర్నర్ మెక్సికో పడమటి కొండలలోని పల్లెలలో పనిచేసి, అచ్చటి గ్రామ ఆరోగ్యసేవకుల కొఱకు స్పానిష్ భాషలో ఒక పుస్తకమును రచించెను. 1977లో అది ఆంగ్లమున వెలువడినది. మరుసటి యేడు, 1978 సెప్టెంబరులో, ఆల్మా ఆటా నగరమున దేశదేశముల ప్రతినిధులు ప్రాథమిక ఆరోగ్యసేవను ప్రకటించిరి. ఆ కాలపు ఆశయే ఈ గ్రంథమునకును ప్రాణము. 1980లో నెలకొన్న హైదరాబాదు బుక్ ట్రస్టు దీనిని ‘వైద్యుడు లేని చోట’ అను పేర తెలుగున ప్రకటించినది. ఆ పేరు చదివినంతనే తెలుగు చదువరికి సుమతీ శతకము మనసున మెదలక మానదు. శతకము చొరరాదన్న యూరిలోనికి ఈ పుస్తకము కాలు పెట్టి, ‘మీరిచ్చటనే యున్నారు గదా, మొదట చేయవలసిన దిది’ అన్న ధోరణితో మాటలాడును. మూలమున లేని యీ ప్రతిధ్వని తెలుగు పేరునకు మాత్రమే దక్కినది.

ఇట్టిది సాహిత్యవిమర్శకు విషయమగునా యని పెద్దలు అడుగవచ్చును. గుఱ్ఱముల లక్షణములు చెప్పిన మనుమంచిభట్టు హయలక్షణశాస్త్రమునకు సాహిత్యచరిత్రలలో చోటిచ్చిన మనకు, మనుష్యుల జ్వరములను చెప్పిన గ్రంథము అంటరానిది కారాదు.

ఈ గ్రంథమున మేము మెచ్చునది దాని సంబోధనము. ఇందలి శ్రోత వైద్యుడు కాడు, దాత కాడు. రోగి ప్రక్కన కూర్చున్న మనిషి. గ్రామ ఆరోగ్యసేవకునకు చెప్పు మాటలతోనే గ్రంథము మొదలగును. తెలిసినదానిని దాచుకొనక పంచుటయే అతని మొదటి పని యని అందు నిరూపితము. పిమ్మట వచ్చు మొదటి యధ్యాయము గృహవైద్యములను, జననమ్మకములను గూర్చినది. వానిని గ్రంథకర్త ఎగతాళి చేయడు. మేలు చేయునవి, కీడు చేయునవి, ఏమియు చేయనివి యని వేరుపఱచును. ఔషధములను అనవసరముగా వాడుటను, ముఖ్యముగా సూదిమందు మీది మోజును, గట్టిగా మందలించును. చదువురానివారికి మందు వేళలను తెలుపుటకు చూపిన యుపాయము మిక్కిలి హృద్యము. ఉదయించు సూర్యుడు, నడినెత్తి సూర్యుడు, అస్తమించు సూర్యుడు, చంద్రుడు - ఈ బొమ్మల క్రింద ఎన్ని మాత్రలో అన్ని గుర్తులు గీసి యిత్తురు. తెల్లవారుజామునకు ముందే పడవ నెక్కువానికి గడియారపు లెక్కకన్న ఇది సులభముగా తెలియును.

లోపములు లేకపోలేదు. కొండపల్లెల యనుభవము సముద్రతీరమునకు అన్నివిధముల సరిపడదు. తుపాను వెల్లువ వెనుక వచ్చు దురవస్థకు ఆ పుటలు చాలవు. అంతకన్న పెద్ద యాక్షేపణ యొకటి కలదు. పల్లెవాడు తన వైద్యము తానే చేసికొనునేని, వైద్యుని పంపవలసిన ప్రభుత్వము ఊరకుండదా? ఈ యాక్షేపణను మేము తేలికగా త్రోసివేయజాలము. 1946లో భోర్ సంఘము పల్లెల కొఱకు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములను సిఫారసు చేసినది. కేంద్రము నెలకొల్పుట వేరు, అందు వైద్యుడుండుట వేరని తీరగ్రామములకు చెప్పనక్కరలేదు. అయితే ‘లేని’ అను విశేషణమును ఊరట మాటగా గాక ఫిర్యాదుగా చదువవలెనని మా మతము. ఎప్పుడు ఆలస్యము చేయక వైద్యుని యొద్దకు కొనిపోవలెనో ఆ గ్రంథము పుటపుటను హెచ్చరించును. తాను చాలనిచోటును తానే చెప్పు పుస్తకము వైద్యునికి బదులుగా నిలువగోరునది కాదు.

ఇచ్చటనే మన పదజాలమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. ప్రభుత్వ పత్రములలో వైద్యసాయము పొందువానికి ‘లబ్ధిదారు’ అని పేరు. సంస్కృత శబ్దమునకు పారసీ ప్రత్యయము తగిలించిన వైరిసమాసమిది. అది దోషమని మేము పట్టుపట్టము; వాడుక అన్నిటిని భరించును. పొందుట యను భావము తప్ప అడుగుట యను భావము ఆ మాటలో లేకుండుటయే మా బాధ. మల్కాపురమున పేరైనను లేని రోగికి నేడు పేరు దొరకినది గాని కర్తృత్వము దొరకలేదు. భూమి వ్యవహారములలో ‘హక్కుదారు’ అని నిస్సంకోచముగా వ్రాయు కలము ఆసుపత్రి గడపకడ ఏల తడబడవలెను?

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వెయ్యి జనాభాకు ఒక్కరు చొప్పున ‘ఆశా’లను నియమించుటకు పూనుకొన్నది. ఆ పేరిలోని చివరి మాట ఆంగ్లమున ‘యాక్టివిస్టు’. అనగా పనిచేయుటతో పాటు ఇతరుల పక్షమున నిలిచి అడుగువారు. తెలుగున అది ‘కార్యకర్త’ యైనది. కర్త అందు నిలిచినది, అడుగుట జారిపోయినది. ‘వాలంటీరు’ మాటకును ఇట్టి కథయే కలదు. 1921లో చీరాల-పేరాల ఉద్యమమున దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు ఈ సీమ యెరిగిన స్వచ్ఛందసేవకు మేటి యుదాహరణము. 2019 ఆగస్టు 15న గౌరవవేతనముపై మొదలై 2024లో ఆగిపోయిన వ్యవస్థయందును అదే మాట వాడబడినది. 1977 నవంబరు 19 తుపానునకు దివిసీమ, రేపల్లె తీరములు అల్లాడినపుడు నలుదెసలనుండి సేవకులు వచ్చిరి. ఉపద్రవమున వచ్చు సేవకుడు ఉపద్రవముతో వెడలును. క్షయరోగికి నెలల తరబడి, కాన్పునకు పోవు స్త్రీకి ఒక రాత్రి, చీటీ యెక్కడ వ్రాయింతురో తెలియని వృద్ధునకు ఒక పూట కావలసిన మనిషి వేరు. ఆ మనిషికి మన పల్లెలలో మంచి పేరే కలదు: తోడు. ‘ఆసుపత్రికి తోడెవరు?’ అని యడుగుదురు గాని, ‘వాలంటీరెవరు?’ అని యడుగరు. తోడు లేనివాడు వైద్యుడున్న యూరిలోను వైద్యుడు లేనివాడే. సేవాసంఘములు తమ పత్రములలో ఈ మాటను స్వీకరించినచో, పని యేమిటో వేరుగా వివరింపనక్కర యుండదు.

వెర్నర్ గ్రంథము చివర రోగినివేదిక యను పత్రమొకటి కలదు. వైద్యసాయమునకు కబురంపునపుడు దానిని నింపి పంపవలెను. రోగి పేరు, వయస్సు, ప్రధానబాధ, అది యెప్పుడు ఎట్లు మొదలైనది, జ్వరమెంత, నాడి యెంత, నొప్పి యెక్కడ, ఇదివరకు ఈ బాధ వచ్చినదా - ఇవి యందలి ప్రశ్నలు. ఇది తోడు వ్రాయు లేఖ. రోగి నోటిమాట, ప్రక్కనున్నవాని చూపు, దూరముననున్న వైద్యుని శాస్త్రము ఒక్క కాగితముపై కలియును. ఈ వాఙ్మయమంతటిలో రోగి కర్తగా నిలిచినది ఈ యొక్క పుటయందే. వైద్యునిముందు భయముచే నోరు పెగలని యానాది స్త్రీకి ఇట్టి పత్రము చేత నుండుట కొండంత ధైర్యము. దీనిని తీరప్రాంతపు నుడిలో, ‘ఒళ్లు వెచ్చబడుట’, ‘ఆయాసము’, ‘కళ్లు తిరుగుట’ వంటి అచ్చటి మాటలతో తిరుగవ్రాయుట భాషాశాఖల పని యని మేము తలంతుము. రేపల్లె, బాపట్ల, తెనాలి ప్రాంతములనుండి వచ్చిన విద్యార్థులు మా తరగతులలోనే కలరు. మాండలిక పదసేకరణకు వారిని ఏటేట ఊళ్లకు పంపుచునే యున్నాము. ఆ పట్టికలలో వలల పేర్లు, పడవల పేర్లు చేరుచున్నవి. వ్యాధుల పేర్లను, నొప్పుల పేర్లను గూడ చేర్చి, ఆ పదములను పత్రమునకు ఎక్కించి, ఆరోగ్యకేంద్రమున నుంచవచ్చును. ఆ పత్రములోని తొలి ప్రశ్నలలో ఒకటి, రోగి ఇప్పుడెక్కడ నున్నాడని. అడవులదీవిలో దానికి ‘ఉప్పుటేటి కావలి గట్టున’ అని వ్రాయుటకు చాలినంత గీత విడువవలెను.