మారీ దొర్వాల్ నటన

నటుల ఇంట పుట్టడం నటికి పెద్ద సంపద అన్న మాట నాటకరంగ చరిత్రలలో తరచు కనిపిస్తుంది. పంతొమ్మిదవ శతాబ్దపు ఫ్రెంచి నటి మారీ దొర్వాల్ విషయంలో ఆ మాటను జాగ్రత్తగా వాడవలసి ఉన్నది. 1798లో లోరియాం రేవుపట్టణంలో ఆమె పుట్టేనాటికి తల్లిదండ్రులు ఊరూరా తిరిగి నాటకాలాడే బృందంలో ఉండేవారు. తండ్రి విడిచిపోయాడు, తల్లి క్షయతో మరణించింది. చిన్ననాటనే ఆమె పెండ్లాడినది కూడా ఆ బృందాలవాడినే. దొర్వాల్ అన్న పేరు అతని నుండి వచ్చినదే.

ఆమె కంఠం బొంగురు. పద్యాన్ని సాంప్రదాయికంగా పలికే విద్య ఆమె బలం కాదు. 1827లో ఫ్రెదెరిక్ లెమైత్ర్ సరసన ఒక జూదరి భార్యగాను, 1831లో డ్యూమా ‘ఆంతొనీ’లో అదేల్‌గాను ఆమె పారిస్ ప్రజలను కంటతడి పెట్టించింది. అది వాచికాభినయపు బలం కాదు. మన ఆలంకారికులు సాత్త్వికమన్నది అదియే అనవచ్చును.

1835 ఫిబ్రవరిలో కొమెదీ ఫ్రాంసేజ్ వేదికపై ఆల్ఫ్రెద్ ద విన్యీ ‘షాటర్టన్’ ప్రదర్శించారు. ప్రభుత్వాదరణ గల ఆ రంగశాలలోని నటులకు ఈ వీధినాటకాల మనిషి రాక రుచించలేదు. కథలో యువకవి విషం త్రాగి మేడమీది గదిలో ప్రాణం విడుస్తాడు. అది చూచిన కిట్టీ బెల్ మెట్లు దిగలేక కూలిపోవాలి. తాలీములలో దొర్వాల్ ఆ ఘట్టాన్ని ఎవరికీ చూపలేదు. తొలిరాత్రి ఆమె మెట్ల పైనుండి కటకటాల వెంట ప్రాణంలేని బొమ్మవలె జారి క్రిందికి వచ్చినది. ప్రేక్షకులు దిగ్గున లేచారట. కేవలం శరీర సాహసమని తీసివేసేవారు లేకపోలేదు. కాని కిట్టీ తన ప్రేమను నాటకమంతటా మాటలలో దాచుకొనే స్త్రీ. ఆ దాపరికం తెగిపోయే క్షణాన మాటకు చోటెక్కడిది? రచయిత వ్రాయలేని వాక్యాన్ని నటి దేహంతో పూరించినది.

రెండు నెలల తరువాత, అదే వేదికపై, హ్యూగో ‘ఆంజెలో’లో ఆమె మాద్మొజెల్ మార్స్‌తో కలిసి నటించినది. మార్స్ కూడ నటుల బిడ్డయే, అయితే తండ్రి మోంవెల్ ఆ సంస్థలోనే ఘనుడు. చిత్రమేమంటే, రంగశాల నీడలో పెరిగిన మార్స్ వీధిగాయని కూతురైన నటిగా, బాటలపై పెరిగిన దొర్వాల్ పాలకుని ఇల్లాలిగా కనిపించారు.

1848లో చిన్న మనుమడు మరణించిన పిమ్మట ఆమె కోలుకోలేదు. 1849 మేలో పేదరికంలోనే కన్నుమూసినది. 1855లో డ్యూమా ఆమె చివరి యేటిని గూర్చి ఒక చిన్న పుస్తకం వ్రాశాడు. వెల యాభై సాంతీములు; ఆ డబ్బు ఆమె సమాధికి.