మేస్త్రీ టేపు, ఇంట్లో గాలి

గోదావరి, ప్రాణహిత కలిసేచోట ఉన్నా, కాళేశ్వరంలో ఎండలు 40 డిగ్రీలు దాటడం మామూలే. 2025లో సరస్వతి పుష్కరాలు వచ్చింది కూడా నడి మే నెలలోనే. నదిలో మునిగొచ్చి గాలాడని గదిలో నడుం వాల్చినవాళ్లకు వెంటిలేటర్ విలువ వేరే చెప్పాలా?

ఆ విలువ తెలిసిన మేస్త్రీ పని చూడాలి. గోడలో వదిలిన కన్నాన్ని అడ్డంగా మూడుచోట్ల, నిలువుగా మూడుచోట్ల కొలిచి, వచ్చినవాటిలో చిన్న కొలతనే లెక్కలోకి తీసుకుంటాడు. తర్వాత మూల నుంచి మూలకు టేపు లాగుతాడు. ఆ రెండు కొలతలూ కలవలేదా, కన్నం మూలమట్టానికి లేదన్నమాట. సిమెంటు జాలీ చుట్టూ పావు అంగుళం సందు వదులుతాడు, మాలు పట్టాలిగా.

మనం జాలీలో పువ్వుల డిజైన్ చూస్తాం. అతను దాన్నెత్తి వెలుతురుకు పట్టి ఖాళీ ఎంతో చూస్తాడు. అందులో గాలికి దక్కేది సగమే కావచ్చు. దోమల మెష్ కొడితే అదీ తగ్గుతుంది. జల్లు కొట్టే గోడకైతే వాలు పలకలే పెట్టాలి, వాలు బయటికే ఉండాలి. తిరగేసి బిగిస్తే వాననీళ్లన్నీ ఇంట్లోకే.

వేడిగాలి పోవడానికి కప్పు దగ్గర ఒకటి, చల్లగాలి రావడానికి ఎదురుగోడకు కాస్త కిందుగా ఇంకొకటి కావాలంటాడు. రెండోది దండగని కొట్టేసే ఓనర్లే, గృహప్రవేశమయ్యాక గాలి రావట్లేదని అతన్నే తిడతారు.