కర్నూలు గుహల జంతుజాలం: ఒక పునర్విమర్శ

మండపేట ప్రాంతంలో బావి త్రవ్వితే ఒండ్రుమట్టి, ఇసుక తప్ప రాయి తగలదు. గోదావరి ఈ పైనేలను తెచ్చి పోసి కొన్ని వేల సంవత్సరాలే అయినది. అందుచేత లుప్తమైన క్షీరదాలను గూర్చి పాఠం చెప్పవలసివచ్చిన ఇక్కడి ఉపాధ్యాయునికి పుస్తకంలోని బొమ్మలే శరణ్యం. ఆ బొమ్మలలో సైబీరియా మామతు, అమెరికా కత్తికోరల పిల్లి, పొట్టిముఖపు ఎలుగుబంటి కనిపిస్తవి. తెలుగుదేశంలోనే ఉన్న బేతంచెర్ల ఎముకల ప్రసక్తి అరుదు.

బేతంచెర్ల దగ్గర సున్నపురాతి కొండలలో బిల్వస్వర్గం గుహలున్నవి. అక్కడ ఎముకలున్నవని న్యూబోల్డ్ 1844లో తెలిపినాడు. 1884-85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ త్రవ్వకాలు జరిపినారు. దొరికిన వాటిని పరీక్షించి రిచర్డ్ లిడెక్కర్ 1886లో ప్రకటించిన గ్రంథమే ఈ విషయంలో నేటికీ మొదట చూడవలసినది. పులి, చిరుత, కొండముచ్చు, దుప్పి, కణితి, ముళ్ళపంది, మన ఎలుగుబంటి, ఖడ్గమృగం, గబ్బిలాలు, ఎలుకలు: ఇంత విస్తారమైన పట్టిక దక్షిణాపథంలో అంతకుముందు లేదు. పెద్ద జంతువులతో పాటు ఎలుక పళ్ళను కూడ ఓపికతో లెక్కించడం ఈ గ్రంథంలోని గొప్పతనం.

లోపమూ అక్కడే ఉన్నది. చిన్న ముక్క నుండి పెద్ద నిర్ణయానికి పోవడానికి లిడెక్కర్ వెనుదీయలేదు. ఒక్క వేలి ఎముకను ఆధారం చేసికొని ఆఫ్రికాలోని రాక్షసి అలుగు ఇక్కడ ఉండెనన్నాడు. చుక్కల దుమ్ములగొండి, అడవి గాడిద, బబూను కూడ ఆయన పట్టికలో చేరినవి. ఇవన్నీ చూచిన పాఠకునికి కర్నూలు ఒకప్పుడు ఆఫ్రికాలో ఒక తునక అనిపించును. పైగా ఎముకల వయస్సు కొలిచే సాధనం ఆనాడు లేదు. గుహలో ఒకచోట దొరికినవన్నీ ఒకే కాలంలో బ్రతికినవని చెప్పడానికి వీలులేదు.

ఈ కొరతను చాలవరకు తీర్చినది 2014లో పాట్రిక్ రాబర్ట్స్, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధన. అవే గుహల పొరలను కాలక్రమంలో పరిశీలించి, సుమారు 2 లక్షల సంవత్సరాల చరిత్రలో గుర్తించిన 21 రకాల క్షీరదాలలో 20 నేటికీ ఉపఖండంలో ఉన్నవని వారు తేల్చినారు. పోయినది ఒక్కటే, ఇథియోపియాలోని జెలాడా కోతికి బంధువు.

అమెరికా కథ వేరు. అక్కడి పొట్టిముఖపు ఎలుగుబంటి సుమారు 12 వేల ఏండ్ల క్రితం మామతుల వెంటనే మాయమైనది. దానిని భయంకరమైన వేటజంతువుగా 1967లో కుర్తేన్ చిత్రించినాడు. తరువాతి వారు పుర్రెను, కాళ్ళను మరల కొలిచి, అది ఆకు అలము, మాంసము రెండూ తినేదనీ, ముఖం కూడ నిజానికి అంత పొట్టిది కాదనీ అన్నారు. బొమ్మలో ఉన్న క్రౌర్యం ఎముకలో లేదన్నమాట! బిల్వస్వర్గం ఎలుగుబంటి మాత్రం ఎవరినీ భయపెట్టలేదు గనుకనే కాబోలు పాఠ్యపుస్తకానికెక్కలేదు. దాని సంతతి నేటికీ మన కొండలలో చెదపుట్టలు త్రవ్వుకుంటున్నది.

అయితే 2014 నాటి నిర్ణయాన్ని కూడ జాగ్రత్తగా చదువవలె. ఉపఖండంలో ఎక్కడో ఒకచోట మిగిలినా అది నిలిచినట్లే లెక్క. లిడెక్కర్ వర్ణించిన ఖడ్గమృగం కర్నూలులో లేదు; నేడు ఖడ్గమృగాన్ని చూడాలంటే అస్సాం, బెంగాలు, నేపాలు పోవలె. ఒక లోయలోని గుహలు దేశమంతటికీ సాక్ష్యం చెప్పజాలవు. నీటిఏనుగు, స్టెగొడాన్ భారతదేశం నుండి అంతరించినవి. మండపేట పొలాలకు నీరిచ్చే గోదావరియే ఎగువన, నాసిక్ జిల్లా ఒండ్రులో, అంతరించిన ఒక మహాగజం అవశేషాలను దాచుకొన్నది. వాటిని గూర్చి పిల్‌గ్రిమ్ 1905లోనే వ్రాసినాడు.