కాగితం దగ్గర ఆగే బాణం

బడి విడిచాక మొదలయ్యే ఆ చప్పుడుకు దండం.

జపాన్‌లో విలువిద్య క్లబ్బు ఉన్న హైస్కూలు వెనక సాయంకాలం పూట కాసేపు నిలబడితే చాలు, వినపడుతుంది. ముందు నారి మోగుతుంది. ఆ మోతకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘త్సురునే’, నారి గొంతు. తర్వాత రెప్పపాటు ఖాళీ. ఆ వెంటనే, బిగదీసి అతికించిన కాగితం పగిలిన ‘ఠప్పు’. పక్క మైదానంలో బేస్‌బాల్ పిల్లల కేకలు, వ్యాయామశాలలో వెదురు కత్తుల టకటకలు, ఎక్కడో పరుగు పందెం ఈల. వాటన్నిటి నడుమ ఈ ఒక్క ‘ఠప్పు’ వేరుగా వినపడుతుంది, రాత్రి పూట నూతిలో పడ్డ చేద లాగా.

ఆ విల్లు పట్టిన పిల్లకు పదిహేడేళ్లు. తెల్లని చొక్కా, లంగాలా వేలాడే నల్లని హకమా, తెల్ల మేజోళ్లు. చేతిలోని విల్లు ఆమె కంటే చాలా ఎత్తు, 221 సెంటీమీటర్లు. పట్టు నడిమధ్యన ఉండదు. పై కొమ్ము పొడుగు, కింది కొమ్ము పొట్టి. కుడిచేతికి జింకతోలు తొడుగు. 28 మీటర్ల అవతల మట్టిదిబ్బ, దాని ఒళ్లో 36 సెంటీమీటర్ల గుండ్రటి గురి. ఆమె విల్లును తలకంటే పైకెత్తి, రెండు చేతులూ విడదీస్తూ కిందికి దించుతుంది. ‘ఆకర్ణాంతం’ అన్న మన మాట ఇక్కడ చాలదు. నారి చెవిని దాటి ఇంకా వెనక్కి వెళ్లి అక్కడ ఆగుతుంది. ఆ ఆగడం ‘కాయ్’. వదలడం ‘హనారే’. వదిలాక చేతులు చాచి, చూపు గురి మీదే ఉంచి, కదలకుండా నిలబడాలి. అది ‘జన్‌షిన్’. బాణం వెళ్లిపోయినా వెళ్లిపోకుండా మిగిలే మనసు.

అలా మిగిలే మనసుకు దండం.

ఇప్పుడు ఆ బడిని ఉన్నపళంగా పెకలించి, నాలుగున్నర శతాబ్దాల వెనక్కి విసిరేస్తే?

కసహారా మసాకి తన ‘గుంజో సెన్‌కి’ అనే బొమ్మల కథ, మాంగాలో అదే చేశాడు. మోతోహిరో కత్సుయుకి దాన్ని 2021లో సినిమాగా తీశాడు. ఆటల్లో మేటి పిల్లలు చదివే ఒక హైస్కూలు కాలంలో జారిపోయి, 1560లో, ఒకెహజామా యుద్ధానికి కాస్త ముందు తేలుతుంది. ప్రహరీ అవతల నిజమైన కత్తులు. కథలో ముందుకొచ్చి నిలబడేవాడు విలువిద్య క్లబ్బు కుర్రాడు నిషినో అవోయ్. జపాన్ కథలకు కాలంలో జారిపడడం కొత్త కాదు. 1979లో వచ్చిన ‘సెన్‌గోకు జియెయితాయ్’ సినిమాలో ఈ కాలపు సైనికులు ట్యాంకుతో సహా అదే యుగంలో పడ్డారు. సైనికుడికి ఎంతైనా యుద్ధం తెలిసిన ఊరే. ఈ పిల్లల చేతుల్లో ఉన్నది ఆట సామాను. అందుకే ఈ కథ నన్ను వదలదు.

‘గుంజో’ అంటే ముదురు నీలం. వాళ్ల భాషలో యవ్వనాన్ని ‘సెయ్‌షున్’ అంటారు, నీలి వసంతమని. ఆ నీలిమ మీద నెత్తురు చుక్క పడితే ఏ రంగవుతుంది?

పిల్లలారా, మీ ఒక్కొక్కరికీ దండం.

నలుగురు చూస్తుండగా బంతి విసిరే భుజానికి దండం. 1872 ప్రాంతంలో హొరేస్ విల్సన్ అనే అమెరికా పంతులు టోక్యోలో పిల్లలకు నేర్పిన ఆట నీది. ఏటా ఆగస్టులో హైస్కూలు బేస్‌బాల్ పోటీలకు కోషియెన్ మైదానంలో సైరన్ మోగుతుంది. ఓడిన జట్టు మోకాళ్ల మీద కూర్చుని, ఆ మట్టిని గుప్పిళ్లతో ఎత్తి, సంచిలో పోసుకుని, ఏడుస్తూ ఇంటికి తీసుకెళుతుంది. నువ్వు పడ్డ కాలంలో ప్రభువులు మట్టి కోసం ఊళ్లు తగలబెట్టారు. మట్టిని గుప్పెడంటే గుప్పెడే, ఓడిపోయి, ఎవరి చేతిలోనుంచీ లాక్కోకుండా తెచ్చుకోవడం నేర్చిన కాలం నుంచి వచ్చావు నువ్వు.

వెదురు కత్తి పట్టిన చేతికి దండం. పద్దెనిమిదో శతాబ్దంలో కత్తిసాము గురువులు ఉక్కును పక్కన పెట్టి, చీల్చిన వెదురు బద్దలను తోలుతో బిగించారు, తలకూ ఛాతీకీ ముంజేతులకూ కవచాలు తొడిగారు. శిష్యుడు దెబ్బ తిని, మర్నాడు మళ్లీ పాఠానికి రావాలి కనుక. ‘మర్నాడు రావాలి’ అన్న ఆ ఒక్క తలంపులో ఎంత కరుణ ఉందో, కత్తి తిన్న ఊళ్లకు తెలుసు.

పరుగెత్తే పాదానికి దండం. వెనకెవరూ తరమకుండా పరుగెత్తడం ఎంత భాగ్యమో 1560లో ఏ రైతును అడిగినా చెప్పేవాడు.

ఇక నీ దగ్గరకు వస్తాను, విలుకాడా.

నీ బాణం 28 మీటర్లకు అలవాటు పడింది. నీ గురి 36 సెంటీమీటర్లు. నిండు మనిషి ఛాతీ కూడా ఇంచుమించు అంతే. ఎన్నడూ తట్టని ఈ కొలత, బడి గోడ దూకి లోపలికొస్తున్న మనిషిని చూడగానే నీకు తడుతుంది. చేతులు తమ పని తాము చేసుకుపోతాయి, ఏళ్ల తరబడి నేర్పింది నువ్వే కదా. పాదాలు విడతాయి, నడుం నిలుస్తుంది, విల్లు లేస్తుంది, నారి చెవి దాటుతుంది. ఇక ‘కాయ్’. అక్కడ నువ్వు ఆగిపోతావు.

ఆ ఆగిపోవడానికే నేను ఇంత దూరం నుంచి చేతులెత్తి మొక్కుతున్నాను. దాన్ని పిరికితనం అనేవాళ్లుంటారు. వాళ్లకు లెక్క తెలియదు. ఆ ఒక్క తడబాటును నీ చేతికి నేర్పడానికి నీ దేశానికి నాలుగు వందల ఏళ్లు పట్టింది.

ఆ లెక్క చెబుతాను, విను.

నువ్వు పడ్డ ఆ ఏడు ఇమగావా యోషిమోతో అనే ప్రభువు పెద్ద సేనతో ఓవారి సీమ మీదికి దండెత్తి వచ్చాడు. ఎదురుగా ఇరవై అయిదేళ్ల ఓదా నొబునాగా, రెండు మూడు వేల మందితో. జోరువాన కురిసి వెలిసింది. ఆ అదనులో నొబునాగా మెరుపులా వచ్చి పడ్డాడు. యోషిమోతో తల తెగింది. చరిత్ర పుస్తకాలు ఆ తల దగ్గర ఆగుతాయి. నువ్వు మాత్రం ఇంకో కుర్రాణ్ణి చూడు. యోషిమోతో పక్షాన, శత్రువుల కోటల నడుమ నుంచి, ఒదకా కోటలో చిక్కుకున్న వాళ్లకు తిండిగింజలు చేరవేసిన కుర్రాణ్ణి. పేరు మత్సుదైరా మోతోయాసు. బాల్యమంతా పరాయి కొలువుల్లో బందీగా గడిచింది. అతనికీ పదిహేడేళ్లే.

నీ ఈడువాడే, నాయనా. నువ్వు సాయంకాలం బాణాలు తుడుచుకునే వయసులో అతను శత్రువుల మధ్య ధాన్యం మోయించాడు. ఆ కాలం పిల్లలకు తొలి యుద్ధమే తొలి పరీక్ష. మన అభిమన్యుడికి వ్యూహం లోపలికి పోవడం తెలుసు, బయటికి రావడం తెలియదు. ఆ నేల మీద నూరేళ్లకు పైగా దేశం మొత్తానిదీ అదే గతి.

ఆ కుర్రాడే తర్వాత తొకుగావా ఇయెయాసు అయ్యాడు. ఎంతో నెత్తురు దాటి, 1600లో సెకిగహారా యుద్ధం గెలిచి, 1603లో దేశాన్ని ఏలే షోగున్ అయ్యాడు. అతని వంశం పాలనలో రెండున్నర శతాబ్దాల పాటు దేశం పెద్దగా యుద్ధం ఎరగలేదు. ఈలోగా విల్లుకు వేరే కథ నడిచింది. అతను పుట్టిన 1543లోనే తనెగషిమా దీవికి పోర్చుగీసు వాళ్లతో తుపాకీ వచ్చింది. 1575లో నగషినో యుద్ధంలో తుపాకులు బారులు తీరాయి. రణరంగంలో విల్లు క్రమంగా పక్కకు తప్పుకుంది.

అక్కరకు రాకుండా పోయిన ఆ విల్లును జనం అటక మీదికి ఎక్కించలేదు. అది గదా అద్భుతం! చంపే పని పోయాక కూడా దాన్ని రోజూ తుడిచారు, రోజూ లాగారు. క్యోతోలో సంజుసంగెందో ఆలయం ఉంది, 120 మీటర్ల పొడవు. దాని వరండాలో, చూరుకు తగలకుండా, ఈ చివరి నుంచి ఆ చివరికి బాణం పంపడం ఒక పోటీ. 1686లో వాసా దైహచిరో అనే యువకుడు ఒక పగలూ రాత్రీ కలిపి 13,053 బాణాలు వేశాడు. 8,133 అవతలికి చేరాయి. ఎనిమిది వేల పైచిలుకు బాణాలు, ఒక్క తల్లీ ఏడవలేదు. ఇప్పటికీ జనవరిలో ఆ గుడి ఆవరణలో, యుక్తవయసుకొచ్చిన ఆడపిల్లలూ మగపిల్లలూ పండగ బట్టలు కట్టుకొచ్చి 60 మీటర్ల గురికి బాణం వేస్తారు. చేతులు మడిచి కట్టుకున్న వాళ్ల రంగురంగుల పట్టుబట్టలకు దండం.

ఈ దారి తిన్నగా సాగిందని చెప్పను. గత శతాబ్దపు యుద్ధకాలంలో బడిలోని కత్తిసామునూ విలువిద్యనూ పాలకులు మళ్లీ తమ వైపు గుంజుకున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో ఓటమి తర్వాత వచ్చిన ఆక్రమణ ప్రభుత్వం బడుల్లో వాటిని నిషేధించింది. 1949లో విలుకాళ్లు మళ్లీ దేశవ్యాప్త సమాఖ్యగా కూడి, విద్యను మొదటి మెట్టు నుంచి ఎత్తుకున్నారు. గెలుపు కోసం పిలిస్తే బాణం ఏ పక్కకైనా పోతుంది. దాన్ని కాగితం దగ్గర ఆపడం ప్రతి తరమూ కొత్తగా నేర్చుకోవాలి.

అందుకేనేమో, విలుకాడా, నీ చేతికి ఒకేసారి రెండు బాణాలిస్తారు. మొదటిది ‘హయా’, రెండోది ‘ఒతోయా’. వాటి ఈకలు ఒకదానికొకటి ఎదురు ఒంపువి. ఒకటి ఇటు తిరుగుతూ పోతే, రెండోది అటు తిరుగుతూ పోతుంది. ఈ రెండు బాణాలూ చూసినప్పుడల్లా నాకు 1185 నాటి యాషిమా తీరం గుర్తొస్తుంది. హెయ్‌కె గాథ చెప్పే కథ అది. సముద్రం మీద తైరా వంశం పడవలు, ఒడ్డున మినమోతో వంశం గుర్రాలు. ఒక పడవలో గడకు విసనకర్ర కట్టి, దమ్ముంటే కొట్టమని సైగ చేశారు. నసు నో యోయిచి అనే కుర్రాడు గుర్రాన్ని నీళ్లలోకి దింపి, అలల మీద ఊగే ఆ విసనకర్రను కొట్టాడు. అది గాలిలోకి ఎగిరి నీళ్ల మీద వాలింది. పడవల మీద శత్రువులు చెక్కలు తట్టి మెచ్చుకున్నారు. ఒడ్డున తనవాళ్లు అమ్ములపొదులు తట్టి మెచ్చుకున్నారు. ఆ ఒక్క క్షణం అక్కడ యుద్ధం లేదు. ఆటే ఉంది.

ఆ ఆనందం పట్టలేక ఒక తైరా యోధుడు పడవ మీద నాట్యం మొదలుపెట్టాడు. అతన్నీ కొట్టమని యోయిచికి ఆజ్ఞ అయింది. కొట్టాడు. ఆడుతున్నవాడు కూలిపోయాడు. పడవలన్నీ మూగపోయాయి.

మొదటి బాణం చేసిన పండగను రెండో బాణం మింగేసింది. చెయ్యి అదే, విల్లు అదే, నేర్పు అదే.

బడిపిల్లలను యుద్ధయుగంలోకి విసిరే ఈ కథ నాకు పదేపదే చెప్పేది ఇదే. మీ క్లబ్బు నేర్పినవన్నీ ఒకప్పుడు రెండో బాణానివి. మీరు వాటిని మొదటి బాణానికి తిప్పుకున్నారు. గోడ దూకి వచ్చిన కాలం మళ్లీ రెండో బాణమే అడుగుతుంది. పక్కన స్నేహితుడు పడిపోయి ఉన్నప్పుడు, వాణ్ణి కాపాడడానికి నువ్వు వదలవలసి వస్తే, వదులు. నిన్ను తప్పు పట్టే నోరు నాకు లేదు. కానీ వదిలాక ‘జన్‌షిన్’ మరవకు. చేతులు చాచి, చూపు తిప్పుకోకుండా, కూలినవాడి వంక చూస్తూ నిలబడు. వాడూ ఒక తల్లి బిడ్డేనని నీ మిగిలిన మనసుకు తెలియనీ.

నా కోరిక చిన్నది. ఆ బడి మళ్లీ తన సాయంకాలానికి తిరిగి రావాలి.

రాగానే వాళ్లు చేసే పని నాకు తెలుసు. దిబ్బలోంచి బాణాలు పెరికి, మొనకు అంటిన మట్టిని గుడ్డతో తుడుస్తారు. ఈకలను వేళ్లతో దువ్వుతారు. చిల్లులు పడ్డ గురిని తెచ్చి ఒళ్లో పెట్టుకుని, పాత కాగితం పీకేసి, చట్రం అంచున జిగురు రాసి, కొత్త కాగితాన్ని ముడత లేకుండా బొటనవేళ్లతో లాగుతూ అతికిస్తారు. నిరుటి పిల్లలు నేర్పితే నేర్చుకున్న పని అది. వచ్చే ఏటి పిల్లలకు నేర్పాల్సిన పని. జిగురు ఆరేదాకా గాలికి ఆరబెడతారు. ఆరాక వేలితో మెల్లిగా తట్టి చూస్తారు, బిగువొచ్చిందో లేదోనని.

అది చిన్న డోలులా పలుకుతుంది.

మనుషుల గుండెకు బదులు ముందుకొచ్చి నిలబడే ఆ పలచని కాగితానికి దండం. దాన్ని రోజూ కొత్తగా అతికించే పదిహేడేళ్ల వేళ్లకు వేయి దండాలు.