తిప్పిన రాయి

గంగారం ఊరి పిల్లలకు రాయి తిప్పడం ఎవరూ నేర్పనక్కర్లేదు. వాగు పలచబడగానే బండ అంచున వేళ్లు దూర్చి, మెల్లగా లేపి, కింద ఎండ్రకాయ ఉందేమో చూస్తారు. ఈ కాలమ్ రాసేవాడు ఆ ఒక్క విద్యను నమ్ముకుని విశాఖపట్నం వెళ్లాడు. జోడుగుళ్లపాలెం దగ్గర సముద్రం తగ్గిన వేళ బండల మీద కాలు పెట్టాడో లేదో, జారి కూర్చున్నాడు. పాకుడుకు వాగూ కడలీ ఒకటే.

సముద్రం ఎక్కితే పోటు, దిగితే పాటు. రోజుకు రెండేసి సార్లు. ఇవాళ్టి వేళ రేపటికి సుమారు 50 నిమిషాలు జరుగుతుంది. అమావాస్యకూ పున్నానికీ నీరు బాగా దిగుతుంది కనుక బండల మీది జీవులను చూసే ఈ పనికి ముందు పంచాంగం చూడాలి, జారని బూట్ల సంగతి తర్వాత. పాటు ముగియడానికి ఓ గంట ముందే దిగి, నీటి వెంట వెళ్లి, నీరు మళ్లగానే తానూ మళ్లాలి.

పగడపు దిబ్బ మీద నడవాలంటే గుజరాత్‌లో జామ్‌నగర్ దగ్గరి నరారా లాంటి చోటికి పోవాలి. అక్కడి కచ్ సింధుశాఖలో కొంత భాగం 1982లోనే జాతీయ సాగర పార్కు అయింది. విశాఖలో ఉన్నవి ఖోండలైట్ బండలు. ఖోండు గిరిజనుల పేరే వాటికి పెట్టారు. ఆ బండల మీద పగడాలకు దాయాదులైన జొవాంథిడ్లు పరుపులా పరుచుకుని ఉంటాయి. పగడానికున్న సున్నపు గూడు వీటికి లేదు. నీళ్లు పోయిన చోట సీ అనిమోన్ ఒంటికి గవ్వపెంకులు అంటించుకుని ముద్దలా ముడుచుకుంటుంది. పక్క గుంటలో అదే జీవి పువ్వులా విచ్చుకుని ఉంటుంది. చచ్చిన నత్త గుల్లలో కాపురముండే పీత మనిషి నీడ పడితే లోపలికి పోతుంది. మళ్లీ బయటికి రావాలంటే చూసేవాడు కదలకూడదు. అసలు కష్టం ఆ కదలకపోవడమే.

తిప్పిన రాయిని తిప్పినట్టే వదిలేస్తే కింది స్పంజికలూ గుడ్లూ ఎండకు మాడిపోతాయి, పైనున్న నాచు చీకట్లో చస్తుంది. గంగారం వాగులో ఏ రాయినీ తిరిగి పెట్టిన జ్ఞాపకం అతనికి లేదు.

సముద్రం గంగారం వైపుకూ కొత్త కాదు. ఊరికి పొరుగునున్న పాకాల పేరు భూగర్భ శాస్త్రంలో ఓ రాతి వరుసకు ఉంది. వంద కోట్ల ఏళ్లకు పైబడిన ఆ సున్నపురాళ్లలో, లోతులేని సముద్రంలో సూక్ష్మజీవులు పొరపొరగా కట్టిన స్ట్రొమటోలైట్లు కనిపిస్తాయి.

ఊరికి తిరిగొచ్చాక వాగులో ఓ రాయి లేపాడు. కింద ఏమీ లేదు. జాగ్రత్తగా మళ్లీ ఉన్న వైపే దించుతుంటే పక్కనున్న పిల్లగాడు నవ్వాడు.

"దొర్కలే గద కాకా, మళ్ల ఎందుకు పెడ్తున్నవ్?"