ముంపు నేల ఎరిగిన వల

శ్రీశైలం జలాశయం నిండినప్పుడు నీరు 615 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది. గట్టు మీద నిలబడి చూసేవాళ్ళకు అదంతా ఒకటే నీరు. పుట్టి వేసుకుని బయల్దేరే జాలరికి అందులో చాలా భాగం ఉత్త నీరే. చేప మసిలే తావులు కొన్నే ఉంటాయి, అవీ నెలకో చోటికి జరుగుతుంటాయి. ఆ జరుగుడును పసిగట్టడమే ఇక్కడ వేటగాడి అసలు విద్య. వల విసరడం, పుట్టి నడపడం ఏడాదిలో నేర్చుకోవచ్చు. ఎక్కడ వేయాలో తెలియడానికి మాత్రం చాలా ఏళ్ళు పడుతుంది.

ఈ విద్యకు మూలం నీటిలో లేదు, నీటి కింది నేలలో ఉంది. 1980ల మొదట్లో నీరు నిలిచినప్పుడు అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్ళు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురానికి తరలించారు. బావులను, చెరువు కట్టలను, బండ్ల బాటలను, వాగులను, చింతచెట్ల మొదళ్ళను ఎవరూ తరలించలేదు. అవన్నీ అక్కడే మునిగి చేపలకు నివాసాలయ్యాయి. మునిగిన వాగు చేపలకు దారి: కింది మడుగుల నుంచి గట్టు వైపు మేతకు వచ్చేవి చాలావరకు ఆ పల్లం వెంటే వస్తాయి. మునిగిన కట్ట దగ్గర లోతు ఒక్కసారిగా మారుతుంది కాబట్టి అక్కడ అవి ఆగుతాయి. మోళ్ళకు, రాళ్ళకు పట్టిన నాచును కొరుక్కు తినడానికి రోహు చేరుతుంది, దాన్ని కోస్తావాళ్ళు శీలావతి అంటారు. అందుకే పాత గట్టు వైపు ఊళ్ళలో, ఎవరి చేను ఎక్కడుండేదో చెప్పగలిగిన ముసలివాళ్ళ మాటకు వేటలో ఇప్పటికీ విలువ ఉంది. పట్వారీ లెక్కల్లోంచి పోయిన పొలం చేపల లెక్కలో మిగిలింది.

కానీ కనబడని కట్టను నడినీటిలో పట్టుకోవడం ఎట్లా? దీనికి జవాబు కొంతవరకు సముద్రం నుంచి వచ్చింది. కృష్ణ మీద పెద్ద ఆనకట్టలు కట్టాక విశాఖ, తూర్పుగోదావరి తీరాల నుంచి మత్స్యకార కుటుంబాలు నాగార్జునసాగర్‌కు, శ్రీశైలానికి వలస వచ్చి గట్ల మీద గుడిసెలు వేసుకున్నాయి. సముద్రంలో రాతి పారలను గుర్తుపెట్టుకునే పద్ధతి వాళ్ళకు తాతల నాటిది. ముందున్న చెట్టు వెనకనున్న కొండ కొమ్ముతో ఒకే వరుసలోకి వచ్చేదాకా నడుపుతారు, అది ఒక గీత. పక్కకు తిరిగి గుడి శిఖరాన్నీ దూరపు బోడిగుట్టనూ ఇంకో వరుసలోకి తెస్తారు, అది రెండో గీత. రెండూ కలిసే చోట తాడుకు రాయి కట్టి వదిలి ఎన్ని బారల లోతుందో చూస్తారు. రాయి మెత్తగా దిగి బురదతో పైకొస్తే ఒక లెక్క, టక్కున తగిలితే ఇంకో లెక్క. కొండలు అన్ని వైపులా ఉండే శ్రీశైలం వెనుక జలాలకు ఈ పద్ధతి సముద్రంలో కన్నా బాగా అమరింది. స్థానికులకు నేల తెలుసు, వలసవాళ్ళకు గురి తెలుసు. ఒకరి విద్య ఒకరికి అబ్బడానికి కొన్నేళ్ళు పట్టింది, మధ్యలో తగాదాలూ తక్కువేమీ కాదు.

చోటు దొరికినా సగం పనే అయినట్టు. మిగతా సగం నీటిమట్టం. పూర్తి మట్టం 885 అడుగుల దగ్గర జలాశయంలో 215 టీఎంసీల నీరుంటుంది. 854 అడుగులకు దిగేసరికి దాదాపు 90 టీఎంసీలే మిగులుతాయి. అంటే ముప్పై ఒక్క అడుగులు తగ్గితే సగానికి పైగా నీరు పోయినట్టే. కార్తీకంలో అయిదు బారల లోతున వలలు నింపిన కట్ట మాఘం నాటికి ఎండలో పగుళ్ళిచ్చి కనబడొచ్చు. కాబట్టి మంచి చోటు అనే మాటకు ఒంటరిగా అర్థం లేదు. ఈ మట్టానికి ఈ కట్ట, ఆ మట్టానికి ఆ వాగు మూల అని జంటగా గుర్తుండాలి. కరెంటు కోసం నీళ్ళు వదిలే రోజుల్లో మట్టం చకచకా పడిపోతుంది. అందుకే ఇప్పటి కుర్రవాళ్ళు పొద్దున లేవగానే ఫోనులో చూసేది సినిమా కబుర్లు కాదు, శ్రీశైలం మట్టం ఎంతుందోనని.

ఏడాదిలో అన్నిటికన్నా మేలైన కాలం నీరు ఎక్కేటప్పుడు. పైనుంచి జూరాల దాటి కృష్ణ, సుంకేసుల దాటి తుంగభద్ర ఎర్రగా దిగుతాయి. నాలుగైదు నెలలు ఎండి గడ్డి మొలిచిన నేల మీదికి నీరు పాకుతుంది. పురుగులు, వానపాములు, కుళ్ళే గడ్డి, వాటి మీద పుట్టే సూక్ష్మజీవులు, అంతా ఒక్కసారిగా మేతవుతుంది. చేప లోతు వదిలి మోకాటి లోతు నీటిలోకి వస్తుంది. కొత్తగా కట్టిన జలాశయాలు సాధారణంగా మొదటి కొన్నేళ్ళు విపరీతంగా చేపనిచ్చి ఆ తర్వాత తగ్గడానికి కారణం ఇదే, మునిగిన నేల సారం నీటిలో కలవడం. శ్రీశైలంలో ఏటా పెద్ద మేర నేల ఎండి మళ్ళీ మునుగుతుంది కనుక ఆ మేలు కొంతైనా ఏటా తిరిగి వస్తుంది.

ఇక్కడ ఒక భ్రమ గురించి చెప్పాలి. కొత్తగా చూడవచ్చినవాళ్ళు నల్లమల కొండల నడుమ, ఆనకట్టకు ఎగువన ఉన్న లోతైన ఇరుకు నీటిని చూసి చేపలన్నీ అక్కడే దాగుంటాయనుకుంటారు. లోతుకు వెలుతురు దిగదు. వెలుతురు లేనిచోట మేత పుట్టదు. నిటారు కొండచరియకు మేసే అంచే ఉండదు. నాగార్జునసాగర్‌లోనూ చాలా మేర ఇదే పరిస్థితి. జలాశయాల శాస్త్రం పదేపదే చెప్పేది, లోతు తక్కువున్న అంచులే అన్నం పెడతాయని. అందుకే శ్రీశైలంలో వేట ఎక్కువగా సాగేది ఎగువన, సోమశిల, మంచాలకట్ట, నెహ్రూనగర్, ముచ్చుమర్రి వైపు పరుచుకున్న నీటిలో.

చోటు, మట్టం కుదిరాక చేప జాతిని బట్టి వల ఎత్తు మారుతుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది. నీటి పైపొరలో తేలే సూక్ష్మజీవులు దాని ఆహారం. ఒండ్రు పేరుకుని నీరు లేత పచ్చ రంగుకు తిరిగినప్పుడు దానికోసం బెండ్లు ఎక్కువ కట్టి వలను పైన తేలుస్తారు. రోహు నడిమి పొరది. మ్రిగాల అడుగు బురదను గెలుకుతుంది, దానికి వల నేలను తాకాలి. వాలుగ, జెల్ల వాగు మూతుల్లో చిన్న చేపల కోసం కాచుకుంటాయి. అడుగున బంగారుతీగ, మ్రిగాల మేస్తుంటే పైన సన్నని బుడగలు వరుసగా లేస్తాయి. అడుగున కుళ్ళు నుంచి వచ్చే బుడగలు ఒకేచోట లేస్తాయి, మేత బుడగలు ముందుకు కదులుతాయి. నీటికాకులు ఒకేచోట మళ్ళీ మళ్ళీ మునిగితే అక్కడ పరిగెల గుంపు ఉన్నట్టు, దాని కింద పెద్దవి ఉండే అవకాశం ఉన్నట్టు. ఆషాఢపు పడమటి గాలి రెండు మూడు రోజులు ఆగకుండా వీస్తే పైపొర మేత తూర్పు గట్టుకు కొట్టుకుపోతుంది, బొచ్చె దాని వెంట వెళుతుంది. అయితే ఆ గట్టునే అలలూ ఎక్కువ. ఒక్క తెడ్డుతో నడిచే పుట్టిని అక్కడ నిలపడం నేర్పు మాత్రమే కాదు, తెగింపు కూడా.

వల పొద్దుగూకే వేళ వేసి తెల్లవారకముందే ఎత్తుతారు. వెన్నెల రాత్రుల్లో తేట నీటిలో వల దారాలు చేపకు కనబడతాయి, అమావాస్య ముందూ వెనకా పడినంత చేప పున్నమికి పడదు. ఎర్ర నీటి రోజుల్లో ఈ లెక్క వర్తించదు. ఇక మోళ్ళున్న చోటే చేప ఎక్కువ, వల చిరిగేదీ అక్కడే. ఒక్క రాత్రి పాటుకు ఎంత వల పోగొట్టుకోవడానికి సిద్ధమో ముందే అనుకుని దిగాలి. మొసళ్ళు చింపే వలలు దీనికి అదనం.

వేసవిలో నీరు పాత నది దారికి కుంచించుకుపోయి, మిగిలిన చేపంతా మడుగుల్లో గుమిగూడుతుంది. అప్పుడు చోటు వెతకనక్కర్లేదు, ఎవరు వేసినా పడుతుంది. మృగశిర కార్తె నాడు చేప తినే ఆనవాయితీ వల్ల ధరా అప్పుడే పలుకుతుంది. కానీ ఆ మడుగుల్లో ఉన్నవి వానలకు ఎగువకు ఎదురీది గుడ్లు పెట్టే తల్లి చేపలు. బొచ్చె, రోహు, మ్రిగాల నిలవ నీటిలో మామూలుగా గుడ్లు పెట్టవు, వరద పారకం కావాలి. వరద వేళ కృష్ణా తుంగభద్రలు కలిసే మూల అన్నిటికన్నా సులువుగా చేప దొరికే చోటు, అన్నిటికన్నా వేటాడకూడని చోటు కూడా. వానాకాలంలో ప్రభుత్వం పెట్టే వేట నిషేధం వెనకున్న కారణం ఇదే.

ఈ తెలివినంతా అక్కర్లేకుండా చేసింది అలివి వల. దోమతెర లాంటి సన్నని కన్నుతో, చాలా పొడవుతో, లోతు తక్కువున్న అంచుల వెంట దీన్ని లాగుతారు. చట్టం ఒప్పదు, దాడుల్లో పట్టుకుని తగలబెట్టడమూ వార్తల్లో చూస్తుంటాం. అయినా ఆగలేదు. వేలెడు పిల్ల చేపలు కూడా అందులో పడి, గట్టు మీద ఎండి, బస్తాల్లో కిలోల లెక్కన పోతాయి. తెలంగాణ ప్రభుత్వం జలాశయాల్లో వదిలే 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలూ దానికి మినహాయింపు కాదు. నాకు దీనిలో కనబడే పెద్ద నష్టం పిల్ల చేపల నష్టంతో ఆగదు. కట్ట ఎక్కడుందో, వాగు ఎటు తిరిగిందో, ఏ మట్టానికి ఏ మూల అనే లెక్క ఆ వల లాగేవాడికి అవసరం లేదు. అవసరం లేనిదాన్ని ఎవరూ కొడుక్కు నేర్పరు.

మునగకముందు ఆ పొలాల్లో పెద్దవాళ్ళై తిరిగినవాళ్ళకు ఇప్పుడు అరవై దాటింది. తర్వాతివాళ్ళు ఆ నేలను చూసేది వేసవిలోనే. ఫాల్గుణం, చైత్రం వేళ, అలంపురానికి తరలించినది కాక అక్కడే మునిగిన మరో గుడి, సంగమేశ్వరం గుడి, నీటిలోంచి బయటపడి యాత్రికులు వస్తుంటే, వేటగాళ్ళలో కొందరు ఆ చుట్టుపక్కల ఎండిన నేల మీద కాలినడకన తిరిగి ఏ మోడు మిగిలింది, ఏ గుంత పూడింది, ఏ బావి ఒరలు కూలాయి అని చూసుకుంటారు. వాళ్ళు చూసేది ఇంకొకటుంది. నీరు దిగుతున్నకొద్దీ రైతులు ఆ తడి నేలలోనే విత్తుతారు. పంట కోశాక మిగిలిన మోళ్ళు, వేసిన ఎరువు ఆగస్టు వరదకు మునుగుతాయి. కాబట్టి ఈ ఏడు ఎవరు ఎక్కడ దాకా దున్నారన్నది వచ్చే ఏటి వలకు మొదటి ఆనవాలు.