ముందుమాట: మన చేల పూలు, మన చెట్ల పండ్లు

పింగాణీ మీద పూలూ పండ్లూ చిత్రించడం నేర్పే పుస్తకం పటాన్‌చెరు నుంచి వస్తోందంటే చాలామందికి వింతగా తోచవచ్చు. పటాన్‌చెరు అనగానే పొగగొట్టాలే గుర్తొస్తాయి మరి. కానీ 1972లో ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ వెలసినప్పటి నుంచి కంది, శనగ, వేరుశనగ పూలను కంటికి దగ్గరగా పెట్టుకుని చూసేవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. కాస్త ముందుకు వెళ్తే సంగారెడ్డి ఫల పరిశోధన కేంద్రం. రుమానీ, నీలం మామిళ్లను కలిపి ‘మంజీర’ను పుట్టించింది అక్కడే. ఇక పాశమైలారం, బొల్లారం వైపు రసాయనాలతో రోజూ పనిచేసే చేతులకు కొదవలేదు. మొక్కా తెలియాలి, నిప్పూ తెలియాలి ఈ కళకు.

యూరప్‌లోనూ ఇది వృక్షశాస్త్రం పక్కనే పెరిగింది. 1710లో మొదలైన మైసెన్ కార్ఖానా చిత్రకారులు వృక్షశాస్త్ర గ్రంథాల్లోని బొమ్మలను ముందుంచుకుని పూలు వేశారు. 1790లో కోపెన్‌హేగన్‌లో తలపెట్టిన ‘ఫ్లోరా డానికా’ పాత్రల మీద ఆ దేశపు మొక్కలను వేళ్లతో సహా చిత్రించారు. వాటిలో ఎక్కువ భాగం యోహాన్ క్రిస్టోఫ్ బాయర్ చేతి పనే. తమ నేల మీది గడ్డిపూలకు వాళ్లిచ్చిన ఆ మర్యాద మనం మన పూలకు ఇవ్వలేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలోని యూరప్ పాత్రలు చూసి గులాబీలు నకలు చేసిన తరం మాది. ఈ పుస్తకం రాసిన అమ్మాయి అక్కడ పనితనం నేర్చుకుని, పువ్వును మాత్రం మన చేని నుంచి తెచ్చుకుంది. కంది పువ్వు పసుపు రేకు వెనక ఎర్రటి సన్నచారలు ఈ పుస్తకంలో చూసి నాకు ఒళ్లు పులకరించింది.

సీతాఫలం అధ్యాయం ఈ పుస్తకానికి ఆయువుపట్టు. కన్నుకు కన్ను విడిగా గీసుకుంటూ పోతే పండు గుండ్రంగా రాదు. ఈమె ముందు పండంతటికీ పలుచగా ఆకుపచ్చ పులిమి, అది ఆరకముందే పొడి కుంచెతో ప్రతి కంటి మీదా వెలుగు పడే చోట రంగును తుడిచేస్తుంది. బయటపడిన పింగాణీ తెలుపే వెలుగవుతుంది. పద్దెనిమిదో శతాబ్ది చివర ఇంగ్లండులోని డర్బీలో విలియం బిల్లింగ్‌స్లీ గులాబీ రేకులకు ఈ పద్ధతే వాడి పేరు పొందాడు. మొదటి కాల్పు అయ్యాక కళ్ల సందుల్లో ముదురు రంగు. మళ్లీ కాల్చాక తొడిమ దగ్గర గోధుమ నీడ. లవంగ నూనె కలిపితే రంగు త్వరగా ఆరదు, తుడవడానికి వ్యవధి దొరుకుతుంది అని ఆమె చెప్పిన చిన్న కిటుకు కొత్తవాళ్లకు ఎంత మేలో!

ఉద్యోగకాలమంతా రంగుల ప్రయోగశాలలో గడిపినవాణ్ణి గనక ఇందులోని రంగుల పట్టికలను పట్టిపట్టి చూశాను. 800 డిగ్రీల దరిదాపుల్లో కాల్చేటప్పుడు వేడి మించితే ఇనుము ఎరుపు వెలిసిపోతుంది. వేడి చాలకపోతే బంగారంతో చేసే గులాబీ రంగు గోధుమకు తిరుగుతుంది. ఒక్కొక్క రంగునూ పింగాణీ బిళ్లల మీద కాల్చి చూసి రాసింది కాబట్టే ఈ పట్టికలను నమ్మవచ్చు. సీసం కలిసిన రంగులు వేసిన పళ్లెంలో తినకూడదని, దాన్ని గోడకే తగిలించాలని మొదటి పుటలోనే పెద్దక్షరాలతో హెచ్చరించడం బాధ్యత తెలిసిన పని.

తంగేడు, మోదుగ లేకపోవడం ఒక్కటే నాకు వెలితిగా తోచింది. అడిగాను. మోదుగ నారింజ రంగుకు సెలీనియం కలిసిన కాడ్మియం కావాలి, అది పక్క రంగును ఓర్వదు, అందుకని దానికి వేరే కాల్పు పరీక్షిస్తున్నానంది. ఆ బిళ్లలు బట్టీలోంచి బయటికొచ్చిన రోజున నాకు కబురు పెట్టమన్నాను.